అరవై దాటాక ఇంట్లో ఉంటూ, పని చేసుకుంటూ: విశాఖ పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు

అక్కయ్యపాలెంలో మా ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దున్న ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ కూర్చుని ఉంటారు. ఒకరి చేతిలో ఆధార్ జిరాక్సు, ఇంకొకరి చేతిలో పాలిథిన్ కవర్లో చుట్టిన పాస్‌బుక్కు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి వీధిలో నన్ను బ్యాంకమ్మగారంటారు. గవర్నమెంటు కాగితం ఏదైనా నాకు అర్థమవుతుందని వాళ్ళ నమ్మకం. అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే ఒకచోట రాసి పెడితే పోతుందనిపించింది. వచ్చేవాళ్ళలో సగం మంది అరవై దాటినా ఇంకా పనికి పోతున్నవాళ్ళే: వాచ్‌మన్లు, వంటమనుషులు, చేపలమ్ముకునే ఆడవాళ్ళు, కాంట్రాక్టు కింద వెల్డింగు చేసే మేస్త్రీలు. ఇందులోని అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

పనికి పోతున్నాను కదా, వృద్ధాప్య పింఛను తీసేస్తారా?

పనికి పోతున్నారన్న ఒక్క కారణంతో తీసెయ్యరు. ఎన్టీఆర్ భరోసా పింఛనుకు చూసేది మీ ఒక్కరి సంపాదన కాదు, మీ బియ్యం కార్డులో ఉన్న కుటుంబం మొత్తాన్ని. పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 లోపు, పల్లెలో 10,000 లోపు ఉండాలన్నది నిబంధన. దాంతోపాటు ఇంట్లో ఎవరూ ప్రభుత్వ ఉద్యోగి గానీ ప్రభుత్వ పింఛనుదారు గానీ కాకూడదు, ఎవరూ ఆదాయపు పన్ను కట్టకూడదు, కారు ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉన్నా పరవాలేదు). కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు, పట్నంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు మించకూడదు. మాగాణి అయితే మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు.

ఇప్పుడు చూడండి. అపార్టుమెంటు గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే పెద్దాయన జీతం వల్ల పింఛను ఆగిన సందర్భం మా వీధిలో ఒక్కటీ చూడలేదు. ఆగినవన్నీ పిల్లల వల్లే. కొడుకు ఫార్మా కంపెనీలో చేరి పన్ను కట్టడం మొదలుపెట్టాడు, అల్లుడు ఈఎంఐ మీద కారు కొన్నాడు, కోడలికి వార్డు సచివాలయంలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళు వేరే కాపురం పెట్టి ఏళ్ళయినా కార్డులో పేరు అలాగే ఉండిపోయింది. పిల్లల పెళ్ళిళ్ళయి వేరుగా ఉంటుంటే కార్డు విడగొట్టించుకోవడం, సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగు (ఒకే ఇంటివాళ్ళుగా ఎవరెవరి పేర్లున్నాయన్న నమోదు) సరిచేయించుకోవడం పింఛను ఆగకముందే చెయ్యాల్సిన పనులు. ఆగాక చేస్తే నెలలు పడుతుంది.

నెలకొచ్చే ఈ నాలుగు వేల పింఛను మోదీగారిస్తున్నారా, చంద్రబాబుగారిస్తున్నారా?

ఈ ప్రశ్న మీద మా అరుగు మీద ఓసారి ఇద్దరి మధ్య గొడవే అయింది. లెక్క చెప్తే ఇద్దరూ ఊరుకున్నారు.

కేంద్రం వాటా ఉంది గానీ చాలా చిన్నది. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వృద్ధులకు 60 నుంచి 79 ఏళ్ళ దాకా నెలకు 200 రూపాయలు, ఎనభై దాటితే 500 కేంద్రం ఇస్తుంది. ఆ 200 అన్నది 2007లో ఇందిరాగాంధీ పేరు పెట్టి పథకాన్ని విస్తరించినప్పటి అంకె. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, అంకె మాత్రం కదల్లేదు. ఈ కార్యక్రమం మొత్తానికి దేశమంతటికీ కేంద్ర బడ్జెట్‌లో పెట్టింది 9,652 కోట్లు. కిందటేడాదీ సరిగ్గా అంతే. కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల కోట్లు దాటింది.

మిగతాది రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. 2014 అక్టోబరు 2న మన రాష్ట్రంలో పింఛను 200 నుంచి వెయ్యికి పెరిగింది. 2019 జనవరిలో రెండు వేలు, అదే ఏడాది జులైలో 2,250, అప్పుడే వయసు 65 నుంచి 60కి తగ్గింది. తర్వాత 2022లో 2,500, 2023లో 2,750, 2024 జనవరిలో మూడు వేలు. 2024 జులై 1న నాలుగు వేలు చేసి, ఏప్రిల్ నుంచి లెక్కేసి ఆ ఒక్క నెల ఏడు వేలు చేతిలో పెట్టారు. ఆ రోజు మా వీధిలో కోడికూర వండని ఇల్లు లేదు.

వితంతువులు, దివ్యాంగులతో సహా 60 లక్షల మందికి పైగా అందే ఈ పింఛన్లకు నెలకు రెండున్నర వేల కోట్లు దాటుతుంది. రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అంటే ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో తొమ్మిది రూపాయలకు పైనే. ఏ పార్టీ వచ్చినా ఇది తగ్గించలేదు, ముందు ముందు తగ్గిస్తుందని నేననుకోను. నా బాధల్లా కేంద్రం 200 గురించే. నాలుగు వేలలో రెండు వందలిచ్చి పుస్తకంలో పేరు రాయించుకోవడం చదివింపుల్లో పదకొండు రూపాయలు రాయించినట్టుంది.

మా ఇద్దరికీ అరవై దాటాయి. ఇద్దరికీ వస్తుందా?

రాదు. వృద్ధాప్య పింఛను కార్డుకి ఒక్కటే. ఇద్దరిలో ఒకరు దివ్యాంగులో, డయాలసిస్ మీదో ఉంటే ఆ లెక్క వేరు. ఈ నిబంధన ఎక్కువగా కొట్టేది ఇద్దరూ కలిసి బండి నడిపే జంటల్ని. కంచరపాలెంలో ఇడ్లీ బండి పెట్టుకున్న మొగుడూ పెళ్ళాం ఉన్నారు. ఆయనకి పింఛను వస్తుంది. ఆవిడకి అరవై ఆరు, పిండి రుబ్బేదీ సాంబారు పెట్టేదీ ఆవిడే. "నాకు ముసలితనం రానేదేటి బ్యాంకమ్మా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

వేలిముద్ర పడట్లేదు. ఏం చెయ్యాలి?

ఒకటో తారీఖు పొద్దున్న ఏడింటికి మా సందులో జరిగేది చెప్తాను. సచివాలయం అమ్మాయి స్కూటీ ఆపి, ఫోనుకి వేలిముద్ర మిషను తగిలిస్తుంది. జాలారిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి వచ్చే అప్ప ఒకామె మా పక్క సందులో కూతురింట్లో ఉంటుంది. బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చీర కొంగుకి రుద్ది మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర లైటు. చూపుడు వేలు, ఉంగరం వేలు, ఎడం చెయ్యి. నలభై ఏళ్ళు చేపల పొలుసు గీకిన చేతులవి, ఐసులో నానిన చేతులు, గీతలు ఎక్కడ మిగుల్తాయి? "ఏటమ్మా, నా ఏళ్ళు నావి కావంటాదా నీ మిషను?" అంటూ నవ్వేసింది. అమ్మాయి ఫోను ఎత్తి మొహం ఫోటో తీసింది. ఆకుపచ్చ టిక్కు పడింది. ఎనిమిది అయిదొందల నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది.

కాబట్టి వేలిముద్ర పడకపోతే కంగారు పడొద్దు. కంటిపాప, ముఖం గుర్తింపు రెండూ ఉన్నాయి, అడగండి. గిన్నెలు తోమే ఆడవాళ్ళు ముందురోజు రాత్రి చేతులకి కొబ్బరినూనె రాసుకుని, పొద్దున్న సబ్బుతో కడుక్కుని తుడుచుకుంటే కొంత నయం. శాశ్వతంగా కావాలంటే ఆధార్ కేంద్రానికి వెళ్ళి బయోమెట్రిక్ మళ్ళీ వేయించుకోవాలి.

ఒకటో తారీఖున ఊళ్ళో లేకపోతే డబ్బు పోయినట్టేనా?

పోదు. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మూడూ కలిపి ఇస్తారు. మూడో నెలా రాకపోతే ఆపేస్తారు, అప్పుడు మళ్ళీ సచివాలయం చుట్టూ తిరగాలి. కాశీ యాత్రకో, హైదరాబాదులో కూతురి పురిటికో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఒకటో తారీఖు ఆదివారమో సెలవో అయితే ముందురోజే ఇచ్చేస్తారు.

పింఛను ఆయన పేరున ఉండేది, ఆయన పోయారు. నాకు వస్తుందా?

వస్తుంది. 2024 నవంబరు నుంచి స్పౌజ్ పింఛను అని పెట్టారు. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే మరణ ధ్రువపత్రం సచివాలయంలో ఇస్తే మరుసటి నెల నుంచే భార్యకు నాలుగు వేలు. పెద్దకర్మ అయ్యేదాకా ఆగకుండా ఇంట్లో మగపిల్లల్ని ఎవరినైనా మరణ ధ్రువపత్రానికి పంపండి. 2023 డిసెంబరు నుంచి 2024 అక్టోబరు దాకా పోయినవాళ్ళ భార్యలకు 2025 ఆగస్టులో మంజూరయ్యాయి. ఆ వరసలో పేరు రానివాళ్ళు ఇంకా ఉంటే సోమవారం కలెక్టరేటులో అర్జీ పెట్టండి.

యాభై ఏళ్ళకే పింఛనంటున్నారు, ఎవరికి?

మత్స్యకారులకు, చేనేత కార్మికులకు, కల్లుగీత కార్మికులకు, డప్పు కళాకారులకు, గిరిజనులకు. చెప్పులు కుట్టేవాళ్ళకి నలభై నుంచే. ఒళ్ళు తొందరగా అరిగిపోయే పనులని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టన్నమాట. మరి భవన నిర్మాణ కూలీ ఒళ్ళు అరగదా అని అడక్కండి, నేనూ అదే అడుగుతున్నాను.

మంచాన పడ్డ మనిషిని ఇంట్లోనే చూసుకుంటున్నాం. దానికి ప్రభుత్వం ఏమన్నా ఇస్తుందా?

పక్షవాతం వచ్చి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన మనిషికి నెలకు 15,000 పింఛను ఉంది. 2024 జులైకి ముందు అది 5,000 ఉండేది. దివ్యాంగులకు 6,000. డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు 10,000. వీటికి సదరం సర్టిఫికెట్టో (వైకల్యం ఎంతుందో చెప్పే ప్రభుత్వ పత్రం), డాక్టర్ల ధ్రువీకరణో ఉండాలి. 2025లో పాత సర్టిఫికెట్లన్నీ మళ్ళీ పరీక్ష పెట్టారు, అందులో దొంగ సర్టిఫికెట్లతో పాటు నిజంగా లేవలేనివాళ్ళూ ఆస్పత్రికి మోయించుకుని వెళ్ళాల్సి వచ్చింది. మీకు నోటీసు వస్తే తారీఖు తప్పించకండి.

అయితే ఇది రోగికిచ్చే డబ్బు. చూసుకునే మనిషికి, అంటే పని మానేసి ఇంట్లో కూర్చున్న కూతురికో కోడలికో, ఒక్క రూపాయి లేదు. కేంద్ర బడ్జెట్‌లో లేదు, రాష్ట్ర బడ్జెట్‌లో లేదు. పదిహేను వేలూ వచ్చేది బాగా ముదిరిన స్థితికే. దానికీ నాలుగు వేలకీ మధ్య ఉన్నవాళ్ళే ఎక్కువ: నడుస్తారు గానీ పడిపోతారు, తింటారు గానీ వండుకోలేరు, పొయ్యి వెలిగించి మర్చిపోతారు.

మా అత్తగారు రెండేళ్ళు మంచాన ఉన్నారు. నాకింకా సర్వీసు ఉంది. పగటికి ఒక మనిషిని పెట్టాం. ఆవిడకి అరవై ఒకటి. ఎనభై రెండేళ్ళావిడని అరవై ఒకటేళ్ళావిడ లేవదీసి కూర్చోబెట్టేది. విశాఖలో ఇంట్లో పెద్దల్ని చూసుకునే పని చేస్తున్నవాళ్ళలో ఇలాంటి పెద్దవాళ్ళూ ఉన్నారు. అత్తగారికి చక్రాల కుర్చీ తెచ్చాం. హాల్లోంచి బానే వెళ్ళింది, బాత్రూం గుమ్మం దగ్గర ఆగిపోయింది. గుమ్మం రెండడుగుల మూడంగుళాలు, కుర్చీ అంతకంటే రెండంగుళాలు ఎక్కువ. మేస్త్రీని పిలిచి గోడ కొట్టించాం. గోడ కొట్టించడానికి ఏ పథకం లేదు. ఇంటి లోపల గోడకి పట్టుకునే రాడ్డు, జారని బండ, కమోడు మీదికి ఎత్తు పీట: పెద్దవాళ్ళని ఆస్పత్రి నుంచి కాపాడేవి ఇవి. వీటికి ఐదు వేలు ఇస్తే తుంటి ఎముక ఆపరేషను లక్ష తప్పుతుంది. ఆపరేషనుకి మాత్రం డబ్బుంది.

చక్రాల కుర్చీ, చేతికర్ర, వాకరు, వినికిడి మిషను, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు మాత్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తారు. 2017 ఏప్రిల్ 1న ఆ పథకం దేశంలో మొదలైంది మన నెల్లూరులోనే. అరవై దాటి, దారిద్ర్యరేఖకు దిగువనో, నెలకు 15,000 లోపు ఆదాయంలోనో ఉండాలి. శిబిరాలు పెట్టి కొలతలు తీసుకుని తర్వాత ఇస్తారు. శిబిరం ఎప్పుడో కలెక్టరేటులో వయోవృద్ధుల శాఖ వాళ్ళని అడగాలి. వాకరు వచ్చినప్పుడు కింద రబ్బరు బుడిపెలు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి, అరిగితే మార్చుకోండి. పూర్ణా మార్కెట్లో సర్జికల్ షాపులో దొరుకుతాయి.

డెబ్బై దాటినవాళ్ళకి ఐదు లక్షల వైద్యం కార్డు అంటున్నారు. అందరికీనా?

డెబ్బై నిండిన ఎవరికైనా. ఆదాయం లెక్క లేదు, బంగళా ఉన్నా కారున్నా ఇస్తారు. ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆధార్‌లో ఉన్న వయసే చూస్తారు. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉన్నా, ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉన్నా తీసుకోవచ్చు. కేంద్ర ఉద్యోగులు, మాజీ సైనికులు మాత్రం తమ పథకమో ఇదో ఏదో ఒకటి ఎంచుకోవాలి. బియ్యం కార్డు కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ (ఆరోగ్యశ్రీ) ఎలాగూ ఉంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇవి ఆస్పత్రిలో మంచం ఎక్కితేనే పనికొచ్చే కార్డులు. ఓపీ ఫీజుకి, నెలనెలా షుగరు బిళ్ళలకి, ఫిజియోథెరపీకి ఐదు లక్షల్లోంచి ఐదు రూపాయలు రావు. డిశ్చార్జి అయ్యాక పదిహేను రోజుల మందులు ప్యాకేజీలో ఉంటాయి, బయట కొనమంటే కొనకండి, ఆస్పత్రిలో ఈ కార్డుల పని చూసే ఆరోగ్యమిత్రని పిలిచి అడగండి. బీపీ, షుగరు బిళ్ళలకి మీ వార్డు పట్టణ ఆరోగ్య కేంద్రం చాలు. అక్కడ ఉచితం, క్యూ చిన్నది. పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి పొద్దున్నే బస్సెక్కి ఓపీ చీటీకి గంట నిలబడాల్సిన పని లేదు. కంటి శుక్లానికి పెదవాల్తేరులో ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది.

యాభై ఎనిమిది దాటినా కాంట్రాక్టరు కింద చేస్తున్నాను. పీఎఫ్ కట్టరంటున్నారు, నిజమేనా?

అబద్ధం. గాజువాక, మల్కాపురం వైపు నుంచి వచ్చే మేస్త్రీలందరికీ ఇదే చెప్తారు. పీఎఫ్‌కి పై వయసు పరిమితి లేదు. 58 నిండాక ఆగేది యజమాని వాటాలోంచి పింఛను ఖాతాకి వెళ్ళే 8.33 శాతం మాత్రమే. అది కూడా మీ పీఎఫ్ ఖాతాలోకే చేరాలి. అంటే యజమాని కట్టే 12 శాతం పూర్తిగా మీదే. ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో పనిచేసే ఆయన పే స్లిప్పు చూశాను. ఆయన వాటా కోస్తున్నారు, ఏజెన్సీ వాటా "వయసు దాటింది" అని సున్నా. ఫోనులో పాస్‌బుక్ తీసి చూస్తే కోసింది కూడా పూర్తిగా జమ కాలేదు. మర్రిపాలెంలోని పీఎఫ్ ఆఫీసులో కాగితం పెట్టాక నాలుగు నెలలకి కదిలింది. నెలకోసారి పాస్‌బుక్ చూసుకునే అలవాటు చేసుకోండి, మనవలకి ఫోనిస్తే నిమిషంలో తీస్తారు.

పదేళ్ళ సర్వీసు నిండి ఉంటే 58 నుంచి పీఎఫ్ పింఛను తీసుకుంటూనే పని చెయ్యొచ్చు. లెక్క సులభం: సగటు జీతాన్ని (ఎక్కువలో ఎక్కువ 15,000) సర్వీసు ఏళ్ళతో హెచ్చవేసి 70తో భాగించాలి. ఇరవై ఏళ్ళు నిండితే ఇంకో రెండేళ్ళు కలిపి లెక్కేస్తారు, నెలకు 4,714 దాకా వస్తుంది. కనీస పింఛను వెయ్యి, 2014 సెప్టెంబరు నుంచీ అదే వెయ్యి. వెంటనే అవసరం లేకపోతే అరవై దాకా ఆగండి, ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది.

ఈఎస్‌ఐకీ వయసు అడ్డు కాదు. జీతం 21,000 లోపు ఉంటే చాలు. ఐదేళ్ళు ఈఎస్‌ఐలో ఉండి రిటైరైతే ఏడాదికి 120 రూపాయలు కట్టి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వైద్యం చేయించుకోవచ్చు. మళ్ళీ చదవండి, నెలకు కాదు, ఏడాదికి నూట ఇరవై. ఇది తెలియక వదిలేసుకున్నవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది.

పెద్దవాడివి కదా అని జీతం తక్కువిస్తున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. కనీస వేతనంలో వయసు పైబడిందని కోత లేదు. "ఊరికే కూర్చునే పనే కదా తాతా" అని పన్నెండు గంటల డ్యూటీకి ఎనిమిది గంటల జీతమిస్తారు. గేటు దగ్గర కూర్చోవడమూ పనే. కార్మిక శాఖకి ఫిర్యాదు చెయ్యొచ్చు. చేస్తే ఉద్యోగం ఉంటుందా అని మీరడుగుతారు, ఆ భయం నిజమే. ఇద్దరు ముగ్గురు వాచ్‌మన్లు కలిసి పెడితే కొంత బలం.

తోపుడు బండి పెట్టుకున్నాను, లోను ఇస్తారా?

పీఎం స్వనిధి కింద మొదటి విడత 15,000, అది తీర్చాక 25,000, తర్వాత 50,000. 2020 జూన్‌లో పెట్టిన ఈ పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించి, పదివేలున్న మొదటి విడత పెంచారు. తాకట్టు ఉండదు, కిస్తీలు సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ వెనక్కి వస్తుంది. నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కావాలి. పథకంలో పై వయసు లేదు గానీ డెబ్బై ఏళ్ళావిడ కౌంటర్లో నిలబడితే మేనేజరు మొహం ఎలా పెడతాడో నాకు తెలుసు, ఆ కౌంటరు వెనకాలే ముప్పై నాలుగేళ్ళున్నాను. కొడుకునో కూతురినో పక్కన తీసుకెళ్ళండి. పొదుపు సంఘంలో ఉంటే ఇంకా మేలు.

ఈ-శ్రమ్ కార్మికుల నమోదులో, శ్రమయోగి, అటల్ పింఛను పథకాల్లో ఇప్పుడు చేరొచ్చా?

లేదు. ఈ-శ్రమ్ 59 దాకా, మిగతా రెండూ 40 దాకానే. మీ పిల్లల్ని చేర్పించండి.

దాచుకున్న డబ్బు ఎక్కడ పెడితే నెల గడుస్తుంది?

అరవై దాటినవాళ్ళకి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము. 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికి, ఐదేళ్ళు. పది లక్షలు పెడితే ప్రతి మూడు నెలలకీ 20,500. పరిమితి 30 లక్షలు, 2023 బడ్జెట్‌కి ముందు 15 ఉండేది. ప్రభుత్వం పెద్దవాళ్ళకి బడ్జెట్‌లో చేసిన మంచి పనుల్లో ఇదొకటి, కాకపోతే దాచుకున్నవాళ్ళకే.

వడ్డీ మీద బ్యాంకు పన్ను కోసే హద్దు 2025 ఏప్రిల్ నుంచి 50 వేల నుంచి లక్షకు పెరిగింది. అంతకు మించి వచ్చినా మొత్తం మీద మీకు పన్ను పడదనుకుంటే ఏప్రిల్‌లోనే పన్ను కొయ్యొద్దని చెప్పే ఫారం (2025-26లో 15హెచ్) ఇవ్వండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి జీతం, పింఛను, వడ్డీ కలిపినా మా అరుగు మీదికి వచ్చే ఎవరికీ పన్ను రాదు. డెబ్బై అయిదు దాటి, పింఛనూ వడ్డీ ఒకే బ్యాంకులో వస్తుంటే, వేరే ఆదాయం లేకపోతే, ఆ బ్యాంకుకి డిక్లరేషను ఇచ్చాక రిటర్ను కూడా వెయ్యక్కర్లేదు.

ఎవరో వీడియో కాల్లో పోలీసు డ్రెస్సు వేసుకుని "మీ ఖాతా మీద కేసుంది" అంటే ఫోను పెట్టేయండి. ఫోనులో అరెస్టు చెయ్యడం అన్నది చట్టంలో లేదు. మా వెనక వీధిలో రిటైరైన ఒకాయన రెండు లక్షలు పోగొట్టుకుని ఇంట్లో చెప్పుకోలేక నెల్లాళ్ళు తిండి మానేశాడు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చెయ్యండి.

బస్సు, రైలు?

ఆర్టీసీలో అరవై దాటితే 25 శాతం రాయితీ. ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వయసుతో పని లేకుండా ఉచితం. ఆధార్ అసలుది పట్టుకెళ్ళండి. ఆరిలోవ నుంచి ఎంవీపీ కాలనీకి ఇంటిపనికి వచ్చే ఆడవాళ్ళకి ఇది జీతం పెరిగినట్టే లెక్క. రైల్లో రాయితీ 2020 మార్చిలో తీసేశారు, తిరిగి రాలేదు.

ఇల్లు కొడుకు పేరున రాసేశాను. ఇప్పుడు చూడట్లేదు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌లో తెల్లకాగితం మీద అర్జీ పెట్టొచ్చు. లాయరు అక్కర్లేదు, అసలు అక్కడ లాయర్లని రానివ్వరు. విశాఖ జిల్లాలో రెండు డివిజన్లు, విశాఖపట్నం, భీమునిపట్నం. మీ ఇల్లు ఏ డివిజన్లో ఉందో చూసుకుని వెళ్ళండి. నెలకు పది వేల దాకా భరణం వేయొచ్చు, కొడుకుల మీదే కాదు, కూతుళ్ళ మీదా, పెద్దయిన మనవల మీదా. తొంభై రోజుల్లో తేల్చాలని చట్టం. గిఫ్టు డీడులో "నన్ను చూసుకోవాలి" అన్న షరతు ఉంటే, చూడకపోతే దాన్ని రద్దు చేయించొచ్చు. ఆ ముక్క లేకపోతే చాలా కష్టం. ఇంకా రాయనివాళ్ళు గిఫ్టు డీడు జోలికి పోకండి, వీలునామా రాసుకోండి, అది బతికున్నన్నాళ్ళూ మార్చుకోవచ్చు.

ఇంట్లో కొట్టినా, తిట్టినా, తిండి పెట్టకపోయినా 14567కి ఫోను చెయ్యొచ్చు. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెలుగులోనే మాట్లాడతారు.

పని కావాలి. ప్రభుత్వం ఇప్పిస్తుందా?

అరవై దాటినవాళ్ళ కోసం సేక్రెడ్ అని కేంద్రం 2021 అక్టోబరు 1న ఒక పోర్టల్ పెట్టింది. చదువుకున్న రిటైరైనవాళ్ళు పేరు నమోదు చేసుకుంటే నష్టం లేదు. మా వీధిలో మాత్రం పనులు దొరికేది మాట మీదే. ఎంవీపీ రైతు బజారు దగ్గర టీ కొట్టువాడికి చెప్తే వారంలో తెలుస్తుంది. భీమిలి, పద్మనాభం, ఆనందపురం పల్లెల్లో ఉన్నవాళ్ళకి ఉపాధి హామీలో పై వయసు లేదు, చేతనైనంత తేలిక పని అడగొచ్చు. నగరంలో అలాంటిది లేదు. ఉండాలి. మొక్కలకి నీళ్ళు పోయడం, అంగన్‌వాడీలో పిల్లల్ని కనిపెట్టుకోవడం, రోజుకి నాలుగు గంటలు, రోజు కూలి. నాలుగు వేల పింఛను పైన ఇంకో నాలుగు వేలు సంపాదించుకుంటామని అడిగేవాళ్ళు మా అరుగు మీదే పదిమంది ఉన్నారు.

ఆధార్‌లో వయసు తక్కువ పడింది. యాభై ఏడంటుంది, నాకు అరవై మూడు.

ఇది అన్నింటికంటే పెద్ద తలనొప్పి. అప్పట్లో వేయించినప్పుడు ఎంతుంటుందో చెప్పమంటే నోటికొచ్చింది చెప్పారు, జనవరి 1 అని వేసేశారు. పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, కాబట్టి తొందరపడకండి. జనన ధ్రువపత్రం, పదో తరగతి మార్కుల జాబితా, పాస్‌పోర్టు, వీటిలో ఏదైనా ఉంటే నేరుగా ఆధార్ కేంద్రానికి వెళ్ళండి. ఏదీ లేకపోతే, ముందు ఆర్డీఓ ఆఫీసు ద్వారా ఆలస్యపు జనన నమోదు చేయించుకోవాలి. దానికి మీరు పుట్టిన ఊరు వెళ్ళాల్సి వస్తుంది. మొన్న ఒకాయన శ్రీకాకుళం దగ్గర తన ఊరికెళ్ళి, తను చదివిన బడి రిజిస్టరు తీయిస్తే పేరు ఉంది, పుట్టిన తేదీ గడిలో ఎలక కొరికిన చిల్లు ఉంది. పక్క గడిలో వాళ్ళన్నయ్య తేదీ బాగానే ఉందట. దాన్ని పట్టుకుని, అన్నయ్య కంటే రెండేళ్ళు చిన్నవాణ్ణని అఫిడవిట్ రాయించి, వచ్చే సోమవారం వస్తానని వెళ్ళాడు. ఆయన్ని రెండు జిరాక్సులు, అసలు కార్డు, ఒక నీలం ఇంకు పెన్ను తెచ్చుకోమన్నాను.